మంగళవారం పుట్టిన గురువారం ఫైలు

నేను రాసిన ప్రోగ్రాముల్లో ఎక్కువ కాలం బతికింది ఒకటే. దానికి స్క్రీను లేదు, బటన్లు లేవు, ఎవరినైనా పిలిచి చూపించడానికి ఏమీ లేదు. "అన్ని నెలలు కూర్చుని ఏం రాసినావే?" అని మా అమ్మ అడిగితే, "ఒక పెట్టెలో ఉండే ఫైళ్ళను ఎనిమిది పెట్టెలకు పంచేదాన్ని" అన్నాను. "పంచేదానికి ఎమ్మెస్సీ ఎందుకు?" అన్నది. ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. నాకు ఆ నోరు ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ వెతకనక్కర లేదు.

తొంభైల చివర తిరుపతిలో బస్టాండు దగ్గర ఒక ప్రెస్సులో పనిచేసేదాన్ని. కింద అచ్చు మిషన్లు, బైండింగు. పైన ఎనిమిది కంప్యూటర్లు. పెళ్ళిపత్రికలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, డిగ్రీ గైడ్లు. లెక్కల్లో ఎమ్మెస్సీ, దాని మీద కంప్యూటర్ డిప్లొమా చేసి నేను అక్కడ ప్రశ్నపత్రాలు కొట్టేదానికి చేరినాను. నాలుగేళ్ళు కొట్టినాను. "కింది వానిలో సరియైనది గుర్తించుము" అనే వాక్యం నిద్రలో కూడా కొట్టగలను. మిషను మొరాయిస్తే మాత్రం అందరికీ నేనే గుర్తొచ్చేదాన్ని.

మా కష్టమంతా ఫ్లాపీలతో. టైపు చేసే పెద్దాయన ఒక పాఠం ఫ్లాపీలో వేసిస్తే, ప్రూఫు చూసే అమ్మాయి తన మిషన్లో దిద్ది ఇంకో ఫ్లాపీలో వేసి, పేజీలు కట్టే మిషనుకు ఇచ్చేది. ఒకే పాఠం "కొత్తది", "చివరిది", "నిజంగా చివరిది", "ఇదే అచ్చుకు" అని నాలుగు పేర్లతో నాలుగు మిషన్లలో ఉండేది. "ఇదే అచ్చుకు" అన్నది మాత్రం ఎప్పుడూ అచ్చుకు పోయేది కాదు. ఒకసారి దిద్దని పాఠంతో గైడు మొత్తం అచ్చయి వచ్చింది. ఓనరు ఆ పుస్తకాన్ని నా టేబులు మీద పడేసి, "మద్రాసు నుంచి సర్వరు తెప్పిస్తాను, ఆ డీలరు ఎప్పట్నుంచో తిరుగుతాండాడు" అన్నాడు.

"తెప్పించొద్దు సార్. నేను రాస్తాను" అన్నాను.

"ఏం రాస్తావు?"

"మూలనున్న మిషన్లో పెద్ద డిస్కు వేసివ్వండి. ఎనిమిది మిషన్లూ ఆ ఒక్క డిస్కునే వాడుకునేటట్టు రాస్తాను."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ప్రశ్నపత్రాలు ఎవరు కొడతారు?" అన్నాడు.

"అవీ నేనే కొడతాను. ముందు రాయనివ్వండి."

అట్లా మొదలైంది. పొద్దున ఏడింటికి, ఎవరూ రాకముందే వచ్చి తొమ్మిదిన్నర దాకా రాసేదాన్ని. తర్వాత సాయంత్రం దాకా "ఖాళీలను పూరింపుము".

మొదట ఒక పత్రికతో వచ్చిన సీడీలోని లినక్సు వేసి, అందులోనే ఉండే ఫైళ్ళు పంచే పద్ధతి పెట్టి చూసినాను. అది కెర్నెల్ లోపల కూర్చుని పనిచేసే రకం. కెర్నెల్ అంటే డిస్కూ, నెట్‌వర్కూ, మెమరీ అన్నిటినీ తన చేతిలో పెట్టుకునే భాగం. నేనెక్కడ తప్పు పెట్టినానో గానీ, మా మిషన్లో వారానికి రెండుసార్లు అది బిగుసుకుపోయేది. అది బిగుసుకుంటే మిషన్ మొత్తం బిగుసుకున్నట్టే. అప్పుడు నిర్ణయించుకున్నాను, నా ప్రోగ్రాము లోపలికి పోకూడదు. మామూలు ప్రోగ్రాముల మాదిరి బయటే, యూజరు స్పేసులోనే ఉండాల. చస్తే అదొక్కటే చావాల, మిషన్ బతకాల. తాలూకాఫీసు రికార్డు రూము ఉంది కదా, లోపలికి మనం పోము. బయట కిటికీ దగ్గర అటెండరును అడిగితే తెచ్చి ఇస్తాడు, మనమిచ్చింది లోపల పెడతాడు. అటువంటి అటెండరును రాయాలనుకున్నాను. తెర వెనక కూర్చుని, అడిగినప్పుడే పలికే ఇటువంటి ప్రోగ్రామును డీమన్ అంటారు. దయ్యం మాదిరి వినపడే ఆ పేరు ప్రెస్సులో బయట పెట్టలేదు. పెట్టుంటే మిషనుకు వేపమండలు కట్టేవాళ్ళు.

మొదటి నెల పేజీలు సగం సగం వచ్చేవి. ఎనిమిది వేల అక్షరాలు అడిగితే నెట్‌వర్కు పదిహేను వందలు ఇచ్చి ఊరుకునేది. అంతే ఉందేమో అని నమ్మి నేను ఫైలు మూసేసేదాన్ని. తక్కినవి వెనకే వస్తున్నాయి, తలుపు మూసింది నేను. చెప్పినన్ని అందేదాకా విడవకుండా అడగాలని తెలిసేసరికి మూడు వారాలు పోయినాయి. అదేమీ నాకు చిన్నతనంగా అనిపించలేదు. తప్పు దొరికిన రోజు మధ్యాహ్నం రెండు ప్లేట్ల మిరపకాయ బజ్జీలు తిన్నాను.

రెండో తలనొప్పి కేబులు. నల్లటి కేబులు ఒకటి, ఎనిమిది మిషన్లనూ దండ గుచ్చినట్టు కలుపుతూ గోడ వెంట పోయేది. ఒకచోట కొక్కెం వదులైతే ఎనిమిదీ తెగిపోయేవి. రోజూ చీపురు తగిలేది, రోజూ వదులయ్యేది. అందరూ చేతులు కట్టుకుని కూర్చుని నా వైపు చూసేవాళ్ళు. కాబట్టి ప్రతి మిషన్లోనూ చిన్న ప్రోగ్రాము పెట్టినాను. కేబులు బాగున్నప్పుడు సేవ్ చేసింది నేరుగా మూల మిషనుకు పోతుంది, ఇక్కడా ఒక కాపీ ఉంటుంది. కేబులు తెగితే ఆ కాపీ మీదే పని చేసుకోవచ్చు. మళ్ళీ కలవగానే రెండు కాపీలనూ పోల్చి, ఏది కొత్తదైతే దాన్ని నిలబెడుతుంది. ఏది కొత్తదో ఎట్లా తెలుస్తుంది? ఫైలు మీద మిషన్ వేసే తేదీ, టైము చూసి. అంతకంటే తేలిక ఏముందనుకున్నాను.

మూడు నెలలు బాగా నడిచింది. అప్పుడు చిత్తూరు నుంచి ఒక ప్రచురణకర్త పెద్ద లెక్కల గైడు తెచ్చినాడు. ఓనరు నన్ను పిలిచి, "ఈ పుస్తకం మొత్తం నీ ప్రోగ్రాము మీదనే చేస్తాం. ఒక్క పేజీ పోకుండా అచ్చుకు పోతే, మిషన్లన్నీ నీకు అప్పజెప్తా. పోయిందంటే సర్వరు తెప్పిస్తా, నువ్వు మళ్ళా ప్రశ్నపత్రాలకు" అన్నాడు. పుస్తకం చివరికొచ్చింది. మిగిలింది వెనక వేసే జవాబులు, పదిహేను పేజీలు. మంగళవారం పెద్దాయన వాటిని టైపు చేసినాడు. బుధవారం అమ్మాయి కూర్చుని దిద్దింది. బుధవారం మధ్యాహ్నం కేబులు వదులైతే బిగించి, నా సీటుకు వచ్చినాను.

టీ తాగి వచ్చిన అమ్మాయి అరిచింది. కాళహస్తి నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల, మామూలుగా గొంతే వినపడదు.

"అక్కా, బిన్నా రా, తొందరగా! నేను దిద్దిన తప్పులన్నీ మళ్ళా వచ్చినాయి."

"సేవ్ చేసినావా?"

"నన్ను అడిగేదా అక్కా ఆ మాట? పేజీకొకసారి చేసినాను. సూడు, ఈడ మైనస్సు నేనే పెట్టినాను. ఇప్పుడు లేదు. ఈడా లేదు. యాడా లేదు."

లెక్కల గైడులో మైనస్సు పోతే ఇంక చెప్పేదేముంది. పొద్దుటినుంచి ఆ పిల్ల చేసిన పని ఒక్క గుర్తు మిగలకుండా పోయింది.

నా డీమన్ తాను చేసిన ప్రతి పనినీ వరసగా రాసి పెట్టుకుంటుంది. తెరిచి చూసినాను. కేబులు కలిసిన నిమిషంలోనే పెద్దాయన మిషన్ నుంచి జవాబుల ఫైలు వచ్చి, దిద్దిన కాపీ మీద కూర్చుంది. దాని మీది తేదీ గురువారం మధ్యాహ్నం. ఆ రోజేమో బుధవారం.

పెద్దాయన కార్వేటినగరం మనిషి. రోజూ పుత్తూరు దాకా బస్సు, అక్కడినుంచి రైలు. ముప్పై ఏళ్ళు సీసపు అక్షరాలు చేత్తో కూర్చి, ఆ కాలం పోయినాక కంప్యూటరు నేర్చుకున్నాడు. మేమంతా సామీ అనేవాళ్ళం. ఆయన దగ్గరికి పోయి నిలబడినాను.

"సామీ, మీ మిషన్లో ఈ పొద్దు ఏ వారం?"

"శుక్రవారం" అన్నాడు తడుముకోకుండా.

"మనకు?"

"మనకు బుధవారమే."

"రెండు వారాలెందుకు సామీ మనకు?"

"నిన్న ఆ చిత్తూరాయన నా తల మీద కూర్చున్నాడు కదా అమ్మణ్ణీ. బస్సుకు పోవాలంట, జవాబులు మొదలుపెట్టేది కండ్లారా సూసి పోతాడంట. మూడు నుంచి నాలుగున్నర దాకా రాహుకాలం. జవాబులంటే గైడుకు ప్రాణం, ఆ టైములో మొదటి అక్షరం పెట్టేదా? ఆయన్ను ఆపలేను, రాహువును ఆపలేను. గడియారం మన చేతిలో ఉండాది. పంచాంగం సూసి గురువారం పది గంటలకు జరిపినాను. ఫైలు పుట్టిన టైము బెమ్మాండంగా ఉండాది, కావాలంటే సూడు."

"మళ్ళీ వెనక్కి తిప్పొచ్చు కదా?"

"అదెట్లా? గురువారం పుట్టిన ఫైలు మంగళవారం యాడుంటుంది? నీ మిషన్ తికమక పడదా?"

ఆయన నా మిషన్ గురించి ఆలోచించే అట్లా వదిలేసినాడు. ఆ ముక్క నాకు అప్పుడు ఎక్కలేదు. "మీరు గుడి ముందర పంచాంగం పెట్టుకుని కూర్చోండి సామీ, కంప్యూటరు ముందర కాదు" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి పంచెకు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

అరుపులకు ఓనరు పైకి వచ్చినాడు. సంగతి విని, "విరిగిన ఎముకకైతే పుత్తూరు కట్టు ఉండాది. పోయిన పేజీలకు యాడికి పోవాల మేడం?" అన్నాడు.

"కాగితం మీద గుర్తులుండాయి సార్, మళ్ళా దిద్దుతాను" అన్నది అమ్మాయి.

"అది సరే. ఎవరి తప్పు?"

"సామిది. గడియారం మార్చినాడు" అన్నాను. అబద్ధం కాదు కదా.

"అట్లయితే సామి రేపటినుంచి కింద బైండింగులో కూర్చుంటాడు. శనివారం ఆ మద్రాసు డీలరు వస్తాడు, చిత్తూరాయన కూడా వస్తాడు. అంతలోపల ఇంకొక్క అక్షరం పోయినా నేను నీ మాట వినను."

ఆ సాయంత్రం ఇంటికి నడిచి పోతూ, ఇక ఏం చేయాలో అనుకుంటూ పోయినాను. గడియారం తేడాగా ఉన్న మిషన్ను దగ్గరికి రానివ్వకూడదు, అంతే. నాలుగు లైన్ల పని. అట్లా అనుకుంటుండగానే గుర్తొచ్చింది. మా మిషన్లలో రెండింటికి లోపలి బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ వాటి తేదీ ఏళ్ళ వెనక్కి పోయేది. వాటిని చేత్తో సరిచేసేది నేనే. తిరుపతిలో కరెంటు రోజుకెన్నిసార్లు పోయేదో నన్ను అడగొద్దు. అంటే మా గడియారాలు అబద్ధం చెబుతాయని ఊరందరికంటే ముందు తెలిసినదాన్ని నేను. తెలిసీ, ఎవరి మాట నిలవాలో తేల్చే పనిని వాటి చేతుల్లోనే పెట్టినాను. సామి ఆ పని చేయకపోయినా కరెంటు ఎప్పుడో ఒకనాడు చేసేదే. పోయింది నా డీమన్ వల్ల. ముసలాయన్ను మెట్లు దింపింది నా నోరు.

గురువారం పొద్దున కిందికి పోయినాను. ఆయన అచ్చయి మడిచిన కాగితాలను, వాటిని ఫారాలంటారు, వరసగా పేరుస్తున్నాడు. క్షమించమనడం నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. పక్కన కూర్చుని నేనూ రెండు ఫారాలు పేర్చినాను.

"తలకిందులుగా పెట్టినావు" అన్నాడాయన.

సరిగ్గా పెట్టి, "సామీ, సీసం కాలంలో మీకు ఇద్దరు ముగ్గురు ఒకే పేజీ దిద్దేవాళ్ళు కదా. ఏది కొత్తదని ఎట్లా తెలిసేది? తేదీ వేసేవాళ్ళా?" అని అడిగినాను.

"తేదీనా?" అని నవ్వినాడు. "ప్రెస్సులో ఎవురికి గుర్తుంటుంది తేదీ? ఎప్పుడు తీసినావని ఎవుడూ అడగడు. ఎన్నో ప్రూఫు అని అడుగుతాం. మొదటిది, రెండోది, మూడోది. కాగితం నెత్తిన నెంబరు ఉంటుంది. ఆ నెంబరు వేసేది ఫోర్మన్ ఒక్కడే. ఇంకెవురన్నా వేస్తే చెయ్యి ఇరగ్గొడతాడు."

"మూడో ప్రూఫు బయటికొచ్చినాక, ఎవరైనా రెండోది దిద్ది తెస్తే?"

"తీసుకోడు. పారెయ్యడు కూడా. పక్కన మేకుకు గుచ్చి, ఇద్దరినీ పిలిపించి, రెండూ ముందర పెట్టి ఏది ఉంచాల్నో అడుగుతాడు."

ఫారాలు అక్కడే వదిలి లేచినాను. నాకు కావాల్సిన జవాబు ఇన్ని నెలలూ సామి దగ్గరే ఉంది. ఓనరు గదికి పోయి, "సార్, నిన్న తప్పు చెప్పినాను. సామిది కాదు, నాది. నా ప్రోగ్రాము నమ్మకూడని దాన్ని నమ్మింది" అన్నాను.

"నిన్న ఆయనదన్నావు. ఈ పొద్దు నీదంటాండావు. రేపు నాదంటావా?"

"మీదైతే అదీ చెప్తాను. సామిని పైకి పంపించండి. నాకు పనుంది ఆయనతో."

"నీదే తప్పయితే ప్రోగ్రాము తీసేసేదే కదా మాట?"

"శనివారం దాకా టైమిచ్చినారు. శనివారం ఇంకా రాలేదు."

ఆయన ఏదో అనబోయి, చేత్తో పొమ్మన్నాడు.

గురువారం, శుక్రవారం రాసినాను. ప్రశ్నపత్రాలు ముట్టలేదు. ఫైళ్ళకు నెంబరు వేసేది ఇప్పుడు నా డీమన్ ఒక్కటే. ప్రతి మిషనూ తాను తీసుకున్నది ఎన్నో నెంబరో గుర్తు పెట్టుకుని, తిరిగి ఇచ్చేటప్పుడు ఆ నెంబరు చెప్పాల. రెండో నెంబరు మీద దిద్దినానని చెప్పి, అక్కడ అప్పటికే మూడోది ఉంటే, డీమన్ దాని మీద రాయదు. పక్కన వేరే పేరుతో భద్రంగా పెట్టి, ఇద్దరి మిషన్లలోనూ చెబుతుంది. తేదీ, టైము చూసే లైన్లన్నీ పీకేసినాను. అమ్మాయి ఒక పక్క మైనస్సులు మళ్ళీ పెడుతూ కూర్చుంది. ఈసారి మాత్రం గంటకొకసారి ఫ్లాపీలో కూడా వేసుకుంది. నన్ను నమ్మలేదు. నేనూ ఏమీ అనలేదు, నమ్మాల్సిన పని నేను ఇంకా చేసి చూపించలేదు కదా.

శుక్రవారం మధ్యాహ్నం పెద్దాయన్ను పిలిచి, "సామీ, దీన్ని చెడగొట్టండి" అన్నాను.

"నేనా?"

"మీకంటే బాగా ఎవరు చెడగొడతారు? గడియారాలు మీ ఇష్టం."

నవ్వుకుంటూ లేచినాడు. ఒక మిషన్ను వచ్చే ఏడు ఉగాదికి తీసుకుపోయినాడు. ఒకదాన్ని తన కూతురి పెళ్ళి ముహూర్తానికి తిప్పినాడు. ఇంకోదాన్ని, "ఇది నిఖార్సయిన రాహుకాలం, ఈడే ఉండనీ" అని ఆ టైములోనే నిలబెట్టినాడు. జవాబుల కాపీ ఒకటి ఆట కోసం తీసి, మూడు మిషన్లలో మూడు రకాలుగా దిద్దించినాను. కేబులు ఊడదీసినాను, కలిపినాను. మళ్ళీ ఊడదీసినాను. నాలుగోసారి డీమన్ చచ్చిపోయింది. ఒకే నిమిషంలో రెండు మిషన్లు ఒకే నెంబరు మీద తెచ్చి ఇచ్చినాయి, ఆ సంగతి నేను అనుకోలేదు. అది చచ్చినా మిషన్ బతికే ఉంది, డిస్కు మీద ఒక్క అక్షరం చెదరలేదు. తప్పు వెతికి, దిద్ది, మళ్ళీ నడిపించి, "ఇంకోసారి చెడగొట్టండి సామీ" అన్నాను. సాయంత్రం ఆరింటికి ఆయన చేతులెత్తేసినాడు. "ఇంక నా వల్ల కాదు తల్లీ. ఇది ఫోర్మన్ కంటే మొండిది."

శనివారం చిత్తూరాయన వచ్చి జవాబులు పేజీ పేజీ తిరగేసినాడు. మైనస్సులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మద్రాసు డీలరు కూడా రంగురంగుల పుస్తకాలతో వచ్చి కూర్చున్నాడు. ఆయన చెప్పిందంతా ఓనరు ఓపికగా విన్నాడు. కాఫీ వచ్చింది. తాగినారు.

"ఒక మాట" అన్నాడు ఓనరు. "ఇద్దరు ఒకే ఫైలు దిద్ది ఇస్తే, మీది ఏం చేస్తుంది?"

"దిగులుపడాల్సిన పనే లేదు సార్. ఆఖరున సేవ్ చేసింది నిలుస్తుంది."

"ఆఖరు అని ఎట్లా తెలుస్తుంది?"

"టైము చూసి సార్."

"ఎవరి గడియారంలో?"

డీలరు తన చేతి గడియారం చూసుకుని, మద్రాసులో అడిగి చెబుతానన్నాడు. ఓనరు నా వైపు తిరగలేదు. పుస్తకాలన్నీ సర్ది ఆయన చేతికే ఇచ్చి, మెట్ల దాకా పోయి సాగనంపి వచ్చినాడు. వచ్చి, గుమ్మంలో నిలబడి అడిగినాడు.

"మేడం, అయితే సోమవారం నుంచి ప్రశ్నపత్రాలు ఎవరు కొడతారు?"

"నేను మాత్రం కాదు సార్" అన్నాను. "ముందు ఆ కేబులు కొక్కేలు కొత్తవి తెప్పించండి. ఎనిమిదీ."